ఇసుకను ఆపేసిన గోల్ఫ్ కోర్స్: స్కాట్లాండ్‌లో ఒక గొడవ కథ

ఈ ఎపిసోడ్ గోల్ఫ్ గురించి. ఆగండి ఆగండి, అప్పుడే స్వైప్ చేసేయకండి. గోల్ఫ్ నాకూ రాదు, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆడలేదు. కానీ అబర్డీన్‌లో మాస్టర్స్ చేసిన రోజుల్లో, అంటే 2015-16లో, వీకెండ్స్ ఒక రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్ చేసేవాణ్ణి. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆట ముగించుకొని వచ్చిన గోల్ఫర్లే. ప్లేట్లు తీస్తూ, టేబుళ్ళు తుడుస్తూ నేను విన్న వాదనల్లో పది ఉంటే ఏడు ఒకే కోర్స్ గురించి. ఊరికి ఉత్తరాన బల్మెడీ దగ్గర, మేనీ ఎస్టేట్‌లో డొనాల్డ్ ట్రంప్ కట్టించిన లింక్స్ కోర్స్. ఆయన అప్పటికి ఇంకా అమెరికా అధ్యక్షుడు కాలేదు.

ముందు ఈ "లింక్స్" అనే మాట సంగతి చూద్దాం. అది వెబ్‌సైట్ లింకు కాదు. సముద్రానికీ పొలాలకీ మధ్య పంటకు పనికిరాకుండా మిగిలిపోయిన ఇసుక నేలని స్కాట్లాండ్‌లో లింక్స్ అంటారు. దిబ్బలు, గట్టిపడిన పొట్టి గడ్డి, ఎప్పుడూ కొట్టే గాలి. ఆ నేలలో ఏమీ పండదు కాబట్టి అది ఎవరికీ పెద్దగా అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టి జనం అక్కడ కర్ర, బంతి పట్టుకొని ఆడుకున్నారు. ఎంత ఆడారంటే, 1457లోనే రాజు రెండవ జేమ్స్ కాలంలో గోల్ఫ్ ఆడొద్దని చట్టం చేశారు. కుర్రాళ్ళు విలువిద్య ప్రాక్టీసు మానేసి బంతి వెంట తిరుగుతున్నారట! ఫోన్ పక్కన పెట్టి చదువుకోమని మన ఇళ్ళలో చెప్పే టైపు.

మనకేమో గోల్ఫ్ అంటే క్లబ్బు, గేటు, సెక్యూరిటీ గార్డు, పెద్దవాళ్ళ వ్యవహారం. ఎందుకంటే మన దేశానికి అది బ్రిటిష్ ఆఫీసర్లతో పాటు వచ్చింది. కలకత్తాలో 1829లోనే క్లబ్ పెట్టుకున్నారు. స్కాట్లాండ్‌లో అలా కాదు. సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్న ఓల్డ్ కోర్స్, గోల్ఫ్‌కి కాశీలాంటిది, అది పబ్లిక్ స్థలం. ఆదివారం సాధారణంగా ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని తీసుకొని అందులో వాకింగ్‌కి వెళ్తారు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత గొడవంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇక మేనీకి వద్దాం. ట్రంప్ తల్లి మేరీ యాన్ మెక్‌లియోడ్ స్కాట్లాండ్‌లోని లూయిస్ ద్వీపంలో పుట్టారు, 1930లో అమెరికా వెళ్ళారు. ఆ అమ్మ పుట్టిన దేశంలో ప్రపంచంలోకెల్లా గొప్ప కోర్స్ కడతానంటూ ట్రంప్ 2006లో మేనీ ఎస్టేట్ కొన్నారు. ప్లాన్ చిన్నది కాదు. రెండు కోర్సులు, 450 గదుల హోటల్, వందల హాలిడే ఫ్లాట్లు, 500 ఇళ్ళు. మొత్తం పెట్టుబడి వంద కోట్ల పౌండ్లన్నారు, వేల ఉద్యోగాలన్నారు. అబర్డీన్ చమురు మీద బతికే ఊరు. చమురు ఏదో ఒకరోజు అయిపోతుందనే భయం అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అలాంటి చోట ఈ మాట ఎంత తియ్యగా వినిపించి ఉంటుందో ఊహించండి.

సమస్య ఏంటంటే, కోర్స్ కావాలనుకున్న చోట కొంత భాగం ఫోవరన్ లింక్స్ అనే రక్షిత ప్రాంతం. శాస్త్రీయంగా ప్రత్యేకమైన స్థలమని ప్రభుత్వమే గుర్తించింది. ప్రత్యేకత ఏమిటి? అక్కడి ఇసుక కదులుతుంది. ఒక పెద్ద ఇసుక మేట మొత్తం గాలికి మెల్లగా జరుగుతూ, వెనక తడి పల్లాలని వదులుతూ, ముందున్న గడ్డిని కప్పేస్తూ పోతుంది. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఇసుక కూడా చరిత్ర రాస్తుందని. తేడా ఏంటంటే అవి రాయడం ముగిసిన పేజీలు, మేనీలో గాలి ఇంకా రాస్తూనే ఉంది.

ఆ తీరంలో ఇసుక కదలడం ఉత్త సైన్సు ముచ్చట కూడా కాదు. కొంచెం ఉత్తరానికి వెళ్తే, ఇథన్ నది దాటాక ఫోర్వీ అనే చోటు వస్తుంది. మధ్యయుగంలో అక్కడ ఒక ఊరుండేది. 15వ శతాబ్దం మొదట్లో ఇసుక దాన్ని మింగేసిందని చెబుతారు. ఇప్పుడు మిగిలింది చర్చి గోడల ముక్కలు. ఊళ్ళని కప్పేసిన ఇసుకకి గడ్డి నాటి కదలకుండా చేసి, దాని మీద ఫెయిర్‌వే వేస్తామని ప్లాన్!

2007 నవంబర్‌లో విషయం అబర్డీన్‌షైర్ కౌన్సిల్ కమిటీ ముందుకొచ్చింది. ఓట్లు ఏడు-ఏడు. ఛైర్మన్ మార్టిన్ ఫోర్డ్ తన కాస్టింగ్ ఓటుతో ప్లాన్‌ని తోసిపుచ్చారు. కొద్ది రోజులకే ఆయన్ని ఆ పదవి నుంచి దించేశారు. ఎడిన్‌బరోలోని ప్రభుత్వం ఫైలుని తన చేతిలోకి లాక్కుంది. అప్పటి ఫస్ట్ మినిస్టర్ అలెక్స్ సాల్మండ్ అదే ప్రాంతం ఎమ్మెల్యే లాంటివాడు. 2008 వేసవిలో బహిరంగ విచారణ జరిగింది. ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థే వద్దని చెప్పింది. అయినా ఆర్థిక ప్రయోజనం అంతకంటే పెద్దదని తేల్చి నవంబర్‌లో అనుమతి ఇచ్చేశారు.

మైకేల్ ఫోర్బ్స్ పేరు మీరు విని ఉండకపోవచ్చు. సాల్మన్ చేపలు పట్టే రైతు. ఎస్టేట్ పక్కనే ఆయన భూమి, ఇల్లు. అమ్మనన్నాడు. ఆయన పందిలా బతుకుతున్నాడని ట్రంప్ బహిరంగంగానే అన్నారు. ఇంకో ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్ళు కూడా కదల్లేదు. వాళ్ళ ఇళ్ళ ముందు మట్టి కట్టలు లేచాయి, కొందరికి సముద్రం కనపడకుండా పోయింది. బలవంతపు భూసేకరణ జరుగుతుందేమోనని భయం. దానికి అడ్డుపడాలని ఉద్యమకారులు ఫోర్బ్స్ దగ్గర ఒక ఎకరం కొని, చాలామంది పేర్ల మీద ఉమ్మడి యాజమాన్యంగా పెట్టారు. దానికి "బంకర్" అని పేరు పెట్టారు. గోల్ఫ్‌లో బంతి చిక్కుకునే ఇసుక గుంటని బంకర్ అంటారు కదా, పేరు భలే కుదిరింది. 2011లో ఆంథొనీ బాక్స్‌టర్ ఈ కథని డాక్యుమెంటరీ తీశాడు, మరుసటి ఏడాది బీబీసీలో వచ్చింది. అదే 2012 చివర్లో ప్రజల ఓటుతో ఫోర్బ్స్‌కి "టాప్ స్కాట్" అవార్డు దక్కింది.

కోర్స్ మాత్రం అయిపోయింది. డిజైన్ మార్టిన్ హాట్రీది. 2012 జులై 10న ప్రారంభం, కాలిన్ మాంట్‌గోమరీ కూడా వచ్చి ఆడాడు. ఒక రౌండుకి మామూలు రోజుల్లో 150 పౌండ్లు, వీకెండ్ 200. అప్పటి లెక్కలో 200 పౌండ్లంటే దాదాపు 17 వేల రూపాయలు.

ఇప్పుడు నేను టేబుల్ తుడుస్తూ విన్న మాటలకి వద్దాం. ఆడి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: దిబ్బలు చూస్తే మతి పోతుంది. ప్రతి హోల్ రెండు ఎత్తైన దిబ్బల మధ్య ఒక గదిలా ఉంటుందట, పక్క హోల్‌లో ఆడేవాళ్ళు కనిపించరట. నచ్చనివాళ్ళ ఫిర్యాదులు వేరు. లింక్స్ అంటే గట్టి నేల, బంతి దొర్లాలి, కానీ ఇక్కడ గడ్డి కొత్తది, మెత్తగా ఉంది, బంతి పడ్డచోటే కూర్చుంటుందని ఒకరు. ఫెయిర్‌వే తప్పితే మారమ్ గడ్డిలో బంతి మాయమే, అరడజను పోగొట్టుకున్నానని ఇంకొకరు. ఎక్కి దిగలేక మోకాళ్ళు పోయాయని పెద్దాయన ఒకరు. పాత లింక్స్‌ని నేల ఇచ్చింది, దీన్ని మెషీన్ ఇచ్చిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. అది పూర్తిగా న్యాయం కాదని నాకనిపిస్తుంది. పాత కోర్సుల్ని కూడా తరతరాలుగా మనుషులు చెక్కుతూనే వచ్చారు. కాకపోతే మెల్లగా.

మూడో రకం ఉన్నారు. అడుగు పెట్టనివాళ్ళు. ఒక ప్లంబర్ వచ్చేవాడు, ప్రతి శనివారం. మునిసిపల్ కోర్స్‌లో ఆడి వచ్చి సూప్ తాగేవాడు. ఫోర్బ్స్ లాంటివాళ్ళని అలా తిట్టిన చోట నేను ఆడనని ప్రతిజ్ఞ. ఆయన అరవయ్యో పుట్టినరోజుకి కొడుకు, పాపం, ఏమీ తెలియనట్టు అక్కడే ఒక రౌండ్ గిఫ్ట్‌గా బుక్ చేశాడు. కొడుకు డబ్బు పెట్టేశాడు, కాదనలేక వెళ్ళాడు. తర్వాతి శనివారం వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. ఎలా ఉంది సార్ అని నేనే అడిగాను. 14వ హోల్ టీ మీద నిలబడితే, ఒక పక్క సముద్రం, కింద దిబ్బల మధ్య లోయలా ఫెయిర్‌వే, తన జీవితంలో అంత మంచి హోల్ ఆడలేదని చెప్పాడు. "బాగోలేకపోతే ఎంత బాగుండేదో" అన్నాడు. బిల్లు కట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ అక్కడ ఆడాడో లేదో నేను అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారమే నేను బస్సెక్కి బల్మెడీ బీచ్‌కి వెళ్ళాను. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ప్రకారం ఆటకి అడ్డు రాకుండా గోల్ఫ్ కోర్స్‌ని దాటి నడిచే హక్కు ఎవరికైనా ఉంది. నేను కోర్స్ లోపలికి పోలేదు, ఇసుక వెంటే ఉత్తరానికి నడిచాను. ఒక చోట దిబ్బ మీద గడ్డి జుట్టులా దట్టంగా ఉంది, గాలి కొడుతున్నా ఇసుక ఎగరట్లేదు. ఇంకాస్త దూరంలో గడ్డి లేని చోట మాత్రం నా బూట్లలోకి, కళ్ళల్లోకి, జేబులో ఉన్న ఫోన్ ఛార్జింగ్ పోర్టులోకి కూడా ఇసుకే.

లెక్కలు కూడా చెప్పాలి. 450 గదుల హోటల్ రాలేదు, ఎస్టేట్‌లో ఉన్న పాత భవనాన్నే చిన్న హోటల్ చేశారు. ఉద్యోగాలు చెప్పిన వేలకి దరిదాపుల్లోకి రాలేదు. ప్రారంభమయ్యాక మొదటి పదేళ్ళూ కంపెనీ ఏటా నష్టమే చూపించింది. సముద్రంలో గాలిమరలు వ్యూ పాడుచేస్తాయని ట్రంప్ వేసిన కేసు 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది, నేను అక్కడున్నప్పుడే. ఇప్పుడు 11 మరలు తిరుగుతున్నాయి. ఇక 2020 డిసెంబర్‌లో అసలు దెబ్బ: మేనీ దగ్గర దిబ్బలకిచ్చిన రక్షిత హోదాని ప్రభుత్వ సంస్థ తీసేసింది. కాపాడటానికి అక్కడ ఇక ప్రత్యేకమైనదేమీ మిగల్లేదు కాబట్టి.

ఈ తీరానికి ఇది మొదటిసారి కాదు. అదే కోస్తాలో ఇంకా పైన క్రూడెన్ బే ఉంది. 1899లో ఒక రైల్వే కంపెనీ అక్కడ భారీ హోటల్, గోల్ఫ్ కోర్స్ తెరిచింది. స్టేషన్ నుంచి హోటల్‌కి ప్రత్యేకంగా ట్రామ్ కూడా వేసింది. ఉత్తరాదికి డబ్బున్నవాళ్ళంతా వస్తారని ఆశ. అనుకున్నంత రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, హోటల్ పోయింది, తర్వాత కూల్చేశారు. కోర్స్ మాత్రం ఉంది. ఇప్పుడు దాన్ని గోల్ఫర్లు ఎంతో ప్రేమిస్తారు. ఆ రైల్వే కంపెనీ పేరు ఎవరికీ గుర్తులేదు. ఆడేవాళ్ళ జ్ఞాపకశక్తి అంతే, గడ్డి పాతబడేకొద్దీ గొడవ పాతబడుతుంది. మేనీలో కూడా అదే జరుగుతోందనుకుంటాను. 2025 జులైలో ట్రంప్, ఈసారి అధ్యక్షుడి హోదాలో, అక్కడ రెండో కోర్స్ తెరిచారు. ఆగస్టులో యూరప్ టూర్ టోర్నమెంట్ జరిగింది, గ్రాంట్ ఫారెస్ట్ అనే స్కాట్లాండ్ కుర్రాడు గెలిచాడు.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోర్వీ, ఇసుక మింగేసిన ఆ ఊరి కథ. మీలో ఎవరైనా అబర్డీన్‌లో ఉంటే ఇప్పుడు ఆ దిబ్బలెలా ఉన్నాయో ఒక ఫొటో పంపండి. ఉంటా మరి.