సముద్రము దాటిన పనివిద్య



సముద్రయానమును కలివర్జ్యములలో చేర్చి, దాటివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించిన పెద్దలు మన దేశమున నుండిరి. జపాను దేశమున శాసనము ఇంతకంటె కఠినము. 1635వ సంవత్సరమున అచ్చటి ప్రభుత్వము స్వదేశీయుడెవ్వడును పరదేశమునకు పోరాదనియు, పోయి తిరిగివచ్చినవానికి మరణదండనమనియు ఉత్తరువు చేసెను. ఆ కట్టడి రెండువందల యేండ్లకు పైగా నిలిచెను. అట్టి దేశమునుండి అయిదుగురు యువకులు పనివిద్యకై సముద్రము దాటిన వృత్తాంతమును నేడు మీకు మనవి చేసెదను.

1853లో అమెరికా నౌకాధిపతి పెర్రీ పొగయోడలతో వచ్చి జపాను వాకిట నిలిచెను. ఆ ఓడల ముందు తమ కత్తులు కొరగావని అచ్చటివారు గ్రహించిరి. ధనమున్నచో ఓడలను కొనవచ్చును. కాని చెడినప్పుడు బాగుచేయువాడెవడు? మరియొకటి కట్టువాడెవడు? ఈ చింతతోనే చోషూ సంస్థానమువారు 1863లో అయిదుగురిని రహస్యముగా ఇంగ్లండునకు పంపిరి. వారు పిమ్మట ఇటో హిరోబుమి, ఇనౌయే కావొరు, యమావో యోజో, ఇనౌయే మసారు, ఎండో కిన్సుకే అను పేర్లతో ప్రసిద్ధులైరి. అందరును ఖడ్గము ధరించు వర్గమువారే. పిలకముడులు కత్తిరించుకొని, పరదేశపు దుస్తులు తొడిగి, యొకొహామాలో ఓడ యెక్కిరి.

షాంఘై రేవులో, మీరేమి నేర్వదలచితిరని యడుగగా, ఇంగ్లీషు మాట చాలక ఇనౌయే కావొరు ఓడ నడుపు విద్య యని చెప్పెనట. దాని ఫలముగా ఆయనయు ఇటోయు ప్రయాణము పొడుగునను కళాసీలతో పాటు పాటుపడవలసివచ్చెను. ఆ కళాసీ ఇటోయే 1885లో జపానునకు మొదటి ప్రధానమంత్రి యయ్యెను.

లండనులో విలియంసను అను రసాయనశాస్త్రాచార్యుడు వారికి విద్యతో పాటు ఆదరమును చూపెను. మన కథకు ముఖ్యుడు యమావో. ఆయన 1866లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమునకు పోయి, పగలు నేపియరుగారి ఓడల కర్మశాలలో పనిచేసి, రాత్రి ఆండర్సను కళాశాలలో పాఠము వినెను. కత్తి పట్టిన చేయి సుత్తి పట్టినది. పుస్తకమున చదివినదానిని చేతితో చేసి చూచుటయు, చేతితో చేసినదానికి కారణమును పుస్తకమున వెదకుటయు అచ్చట ఆయనకు అలవడెను.

1868లో యమావో స్వదేశము చేరెను. ఆ యేటనే మరలివచ్చిన ఇనౌయే మసారు రైలుమార్గముల నిర్మాణమునకు అధిపతి యయ్యెను. 1872లో టోకియోకును యొకొహామాకును నడుమ తొలి రైలు నడచెను. యమావో ఒక యంత్రవిద్యా కళాశాలకై పట్టుపట్టి సాధించెను. అందు 1873లో బోధన ఆరంభమయ్యెను. గ్లాస్గో రాత్రిపాఠశాలలో తాను చదివిన దినములలోనే చదివిన హెన్రీ డయరు దానికి ప్రధానాచార్యుడై వచ్చెను. అప్పటికాయన వయస్సు ఇరువదియైదేండ్లే. చదువు ఆరేండ్లు: రెండేండ్లు సామాన్యవిద్య, రెండేండ్లు శాస్త్రవిద్య, కడపటి రెండేండ్లు కేవలము పని.

1879లో తొలి పట్టభద్రులు వెలువడిరి. వారిలో పదునొకండుగురిని ప్రభుత్వము 1880లో బ్రిటనునకు పంపెను. అందు టట్సునో కింగో లండనులో బర్జెస్ అను వాస్తుశిల్పి కార్యాలయమున పని నేర్చి, 1883లో తిరిగివచ్చి, మరుసటి యేడు తన గురువైన కాండరు పీఠమున తానే ఆచార్యుడయ్యెను. 1896 నాటి జపాను బ్యాంకు భవనమును, 1914 నాటి టోకియో రైలు స్టేషనును ఆయన రచనలే. పరదేశమున నేర్చినవాడు స్వదేశమున గురువగుటయే ఈ కథ సారము. మోక్షగుండము గ్రామమువారి వంశీయుడును, 1908 మూసీ వరదల పిమ్మట హైదరాబాదునకు రక్షణోపాయము చూపినవాడును అయిన విశ్వేశ్వరయ్యగారు 1898లో జపానునకు పోయి ఆ దేశాభివృద్ధిని కన్నులార చూచివచ్చిరి.

కాలచక్రము తిరిగెను. శిష్యులను పంపిన జపానే 1993లో పరదేశ యువకులకు పని నేర్పు పద్ధతి నొకదానిని నెలకొల్పెను. 2017లో మన దేశమును అందు చేరుటకు ఒడంబడిక చేసికొనెను. కాని విద్య పేరిట పిలిచి, కొందరు యజమానులు వచ్చినవారిని తక్కువ కూలికి వాడుకొనిరనియు, యజమానిని మార్చుకొను వీలు లేక వారు బాధపడిరనియు లోకము నిందించెను. తుదకు జపాను శాసనసభ 2024లో ఆ పద్ధతిని తొలగించి వేరొకటి నెలకొల్పుటకు చట్టము చేసెను.

కావున గ్రామ పెద్దలారా! మీ యింటి బిడ్డ పనివిద్యకై దూరదేశము పోయెదనన్నప్పుడు, సముద్రమును చూచి వెరవకుడు. ధనమును చూచి మురియకుడు. ఏ పని నేర్పుదురు? నేర్పువాడెవడు? పనితో పాటు పాఠమున్నదా? ఇష్టము లేనిచో విడిచివచ్చు స్వేచ్ఛ యున్నదా? ఒడంబడిక కాగితమును చదివించి వినుడు. పిమ్మట బిడ్డను ఒక్క ప్రశ్న యడుగుడు: తిరిగివచ్చి ఇది ఎవరికి నేర్పెదవు? యమావో దానికి ఒక కళాశాలతో బదులు చెప్పెను. మన బిడ్డ ఊరిలోని ఇద్దరు పిల్లలకు నేర్పినను అది సరియైన బదులే.