కింది వాటాలోని సాక్షి

“ప్రాణం తీసినవాణ్ణి ఉరి తీయక హారతి పట్టాలా?” అంటాం, పేపర్లో ఏ ఘోరమో చదివినప్పుడు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ ప్రాణం తీసింది నిజంగా వాడేనా? ఈ ప్రశ్న ఇంగ్లండును ఏళ్ల తరబడి వేధించింది. ఆ కథ చెబుతాను, వినండి.

లండన్‌లో రిల్లింగ్టన్ ప్లేస్ అని ఒక ఇరుకు వీధి. అక్కడ 10వ నంబరు ఇంటి మేడమీద తిమోతీ ఎవాన్స్ అనే వ్యాను డ్రైవరు భార్య బెరిల్‌తో, పసిపాప జెరాల్డీన్‌తో కాపురం ఉండేవాడు. చదవడం, రాయడం సరిగా రాని మనిషి. కింది వాటాలో క్రిస్టీ అనే నడివయసాయన. యుద్ధకాలంలో పోలీసుగా పనిచేసినవాడు, మాట మెత్తన.

1949 నవంబరులో తల్లీ బిడ్డా హత్యకు గురయ్యారు. ఎవాన్స్ పోలీసుల దగ్గర పూటకో మాట చెప్పాడు, తానే చంపానని కూడా ఒప్పుకున్నాడు. ఆ తరువాత, కాదు, క్రిస్టీయే చంపాడన్నాడు. ఎవరు నమ్ముతారు? కోర్టులో ముఖ్యసాక్షి ఆ క్రిస్టీయేనాయె! పాపను చంపిన నేరానికి 1950 మార్చి 9న ఎవాన్స్‌ను ఉరి తీశారు. వయసు 25.

మూడేళ్లు గడిచాయి. 1953 మార్చిలో క్రిస్టీ ఇల్లు విడిచి వెళ్లాక, మేడమీది మనిషి ఒకాయన వంటింటి గోడకు అంటించిన కాగితం చించి చూశాడు. వెనక ఉన్న అరలో ముగ్గురు ఆడవాళ్ల శవాలు! ముందుగదిలో నేలపలకల కింద క్రిస్టీ భార్య. పెరట్లో మరి ఇద్దరి ఎముకలు. 1949లో పోలీసులు సోదా చేసిన పెరడే అది. అప్పటికే అక్కడ కంచెకు ఊతంగా మనిషి తొడ ఎముక ఒకటి నిలబెట్టి ఉందట, ఎవరి కంటా పడలేదు! బెరిల్‌ను కూడా తానే చంపానని క్రిస్టీ ఒప్పుకున్నాడు. ఆ జులైలో అతణ్ణీ ఉరి తీశారు, అదే పెంటన్‌విల్ జైల్లో.

ఉరి ఉంటేనే హంతకులకు భయం అంటారు కదా. క్రిస్టీకి తెలియదా ఉరంటే? తన సాక్ష్యంతోనే పొరుగువాడు ఉరికంబం ఎక్కాడు. ఆ తరువాతే అతడు భార్యనూ, ఆ ముగ్గురినీ చంపాడు. ఒకణ్ణి ఉరి తీశాం, కేసు ముగిసింది అనుకోబట్టే అసలువాడి కోసం ఎవరూ వెతకలేదు. నన్నడిగితే ఆ నలుగురి ప్రాణాల లెక్కలోనూ ఆ తీర్పుకు భాగముంది. ఎవాన్స్ జైల్లో ఉండివుంటే 28 ఏళ్లకు తలుపు తీసి తల్లి దగ్గరికి పంపేవారు.

ఆ తల్లి కొడుకు నిర్దోషి అని పోరాడుతూనే ఉంది. 1953లో సర్కారు వేసిన విచారణ ఎవాన్సే దోషి అని మళ్లీ తేల్చింది. తప్పు ఒప్పుకోవడం మనుషులకే కష్టం, ఇక ప్రభుత్వాల సంగతి చెప్పాలా? 1965లో జైలు ఆవరణ లోంచి అతని ఎముకలు తవ్వి తీసి స్మశానంలో పూడ్చనిచ్చారు. 1966 అక్టోబరులో క్షమాభిక్ష వచ్చింది.

బ్రిటన్ 1965లో హత్యకు ఉరిశిక్ష ఆపి, 1969లో దాన్ని శాశ్వతం చేసింది. మన దేశంలో ఆ శిక్ష ఇంకా ఉంది. అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే వేయాలని సుప్రీంకోర్టు 1980లో చెప్పింది. మంచిదే. కాని కేసు ఎంత అరుదైనదైనా సాక్షులు మనబోటి మనుషులే గదా!

ఎవాన్స్ కుటుంబం 2004లో మళ్లీ లండన్ హైకోర్టుకు వెళ్లింది. భార్యనూ, బిడ్డనూ అతను చంపలేదని జడ్జీలు అంగీకరించారు. పాత తీర్పును రద్దు చేయించడానికి మళ్లీ అప్పీలు నడపడం మాత్రం అంత ఖర్చుకు తగిన పని కాదన్నారు.