హిజ్లీ నేర్పిన పాఠం

కలైకుండ వైమానిక స్థావరంలో పనిచేసే రోజుల్లో సెలవు దొరికితే చాలు, ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలోని మా మావయ్య ఇంటికి వెళ్ళేవాణ్ణి. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయిన మనిషి. ఒక ఆదివారం హిజ్లీ చూసి తిరిగి వస్తుండగా ఆయన అడిగారు: "ఏటల్లుడూ, తుపాకీ పట్టినోడికి గీత ఎవులు గీస్తారు?" యూనిఫాం వేసుకునేవాణ్ణయి ఉండి కూడా ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఈ నాలుగు మాటలూ ఆ బాకీ తీర్చుకోవడానికే.

హిజ్లీ నిర్బంధ శిబిరాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1930లో తెరిచింది. కోర్టులో విచారణ లేకుండానే బెంగాల్ యువకులను అక్కడ బంధించేవారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి కాపలా సిబ్బంది ఆ నిరాయుధుల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. ఇంకెందరో గాయపడ్డారు. మృతదేహాల కోసం సుభాష్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చారు. డెబ్బై ఏళ్ళు పైబడిన రవీంద్రనాథ్ ఠాగూర్ సెప్టెంబరు 26న కలకత్తాలో నిరసన సభకు అధ్యక్షత వహించారు. చివరకు ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే ఆ విచక్షణారహిత కాల్పులకు సమర్థన లేదని తేల్చింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మనిషిని తన కస్టడీలోకి తీసుకున్న ప్రభుత్వం అతని ప్రాణానికి కూడా పూచీ పడుతుంది. కాపలా అంటే బయటికి పోనివ్వకపోవడం ఒక్కటే కాదు, కాపాడటం కూడా.

"అది పరాయి ప్రభుత్వం కదా, మనది వచ్చాక హద్దులెందుకు?" అనేవాళ్ళూ ఉన్నారు. దీనికి జవాబు రైల్వే క్వార్టర్లలోనే ఉంది. 1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలైంది. సమ్మె న్యాయమా కాదా అన్నది వేరే వాదన. కానీ దేశ రక్షణ, అంతర్గత భద్రత పేరిట చేసిన చట్టాలను ప్రభుత్వం కార్మికుల మీద ప్రయోగించింది. వేలమంది జైళ్ళకు పోయారు. మే 27న సమ్మె విరమించారు. చరిత్ర ఎంత విచిత్రమో చూడండి! ఒకప్పుడు ఇదే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన మన వి.వి. గిరి గారే అప్పుడు రాష్ట్రపతి, సర్వసైన్యాధ్యక్షులు కూడా.

ఆ మరుసటి ఏడాది అత్యవసర పరిస్థితి వచ్చింది. నిర్బంధంలో ఉన్నవాడు కోర్టు తలుపు తట్టలేడని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చాక ఎమర్జెన్సీలో కూడా 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కును నిలిపివేయడం కుదరదు. 2017లో సుప్రీంకోర్టే ఆ 1976 తీర్పును తప్పని కొట్టివేసింది. అయినా 22వ అధికరణం కింద ముందస్తు నిర్బంధం నేటికీ ఉంది. మామూలుగా మూడు నెలలు దాటాలంటే సలహా మండలి ఒప్పుకోవాలి.

మరి ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోవాలా? అక్కర్లేదు. సరిహద్దు కాయాలి, అల్లర్లు అణచాలి. పౌర అధికారులకు తోడుగా సైన్యాన్ని పిలిచినప్పుడు ఏం చేయాలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 130వ సెక్షన్ చెప్పింది: గుంపును చెదరగొట్టడానికి, అరెస్టులకు ఎంత అవసరమో అంతే బలం, వీలైనంత తక్కువ నష్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఈ నియమం 149వ సెక్షన్. సదుద్దేశంతో విధి నిర్వహించిన సైనికుడికి అదే చట్టం రక్షణ కూడా ఇస్తుంది. అంటే ఆ గీత మనకు సంకెల కాదు, కవచం. గీత లేని చోట తప్పు ఆజ్ఞ ఇచ్చినవాడు తప్పించుకుంటాడు, ట్రిగ్గర్ నొక్కినవాడు దొరికిపోతాడు.

హిజ్లీ భవనంలోనే 1951లో దేశపు తొలి ఐఐటీ రూపు దిద్దుకుంది. బందీలున్న గదుల్లో పిల్లలు చదువుకున్నారు. అధికారం ఏం చేయగలదో, ఏం చేయకూడదో రెండూ ఒకే కప్పు కింద కనిపిస్తాయి.

మావయ్య ఇప్పుడు లేరు. ఉండి ఉంటే చెప్పేవాణ్ణి: "గీత చట్టం గీస్తుంది మావయ్యా. దాన్ని చెరిగిపోకుండా చూడవలసింది మాత్రం తుపాకీ పట్టిన మేమూ, ఓటు వేసే మీరూ."