కోట కూలిన రాత్రి

  



మన మెదకు కోట ఎక్కినవారంతా అక్కడి కుతుబ్‌షాహీల నాటి మసీదును చూసే ఉంటారు. కోట కాకతీయుల కట్టడం, మసీదు 17వ శతాబ్దం నాటిది. ఆ కాలంలో మన పట్టణానికి గుల్షనాబాద్ అని పేరు. ఆ మసీదును కట్టించిన వంశపు చివరి సుల్తాను జీవితంలోని ఒక్క రాత్రిని గూర్చి ఈ శుక్రవారం చెప్పుకుందాం. ఎందుకంటే, ఈనాడు మనలో అత్యధికులు చేసుకునే ఫిర్యాదు ఒక్కటే: మనసు నిలవడం లేదు. శరీరం నమాజు వరుసలో నిలుచుంటుంది, మనసు దుకాణం లెక్కల్లోనో, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఉద్యోగం మీదనో, తీర్చవలసిన అప్పు మీదనో తిరుగుతూ ఉంటుంది. సజ్దాలో ఉండగా జేబులో ఫోను కదిలితే చాలు, ఏ రకాతులో ఉన్నామో మరచిపోతాము. బయటి రొదను ఆపడం మన చేతిలో లేదు. మరి లోపలి రొద సంగతేమిటి?

అబుల్ హసన్ కుతుబ్‌షా పేరు తెలుగువారికి కొత్తది కాదు. భద్రాచల రామదాసు కథలోని తానీషా ఆయనే. చాలామందికి ఆ కథ వరకే ఆయన తెలుసు. రాజు కాకముందు ఆయన ఎక్కడ ఉన్నాడన్నది మనకు ఇంకా ముఖ్యం. రాజవంశానికి బంధువే అయినా, ఏ అధికారమూ లేక హైదరాబాదులో సయ్యద్ షా రాజు హుసేనీ (రహ్మలై) వారి ఖాన్ఖాలో శిష్యుడిగా సుమారు 14 సంవత్సరాలు గడిపాడు. ఖాన్ఖా అంటే నమాజు, జిక్ర్, పెద్దల సేవ, దొరికినది పంచుకుని తినడం. అక్కడి నుండి అనుకోని విధంగా సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షాకు అల్లుడయ్యాడు. 1672లో మామ మరణించగా సింహాసనం ఎక్కాడు.

ఆయన పాలన అంతా ఆదర్శమని చెప్పడం నా ఉద్దేశం కాదు. విలాసాలలో మునిగి రాజ్యభారాన్ని మంత్రులకు వదిలివేశాడని ఆ కాలపు చరిత్రకారులు నిందించారు. ఆ నిందలో కొంత నిజం లేకపోలేదు. ఒక మనిషిలో ఉన్న ఒక మంచి గుణాన్ని నేర్చుకోవడానికి అతని లోపాలన్నింటినీ దాచనవసరం లేదు కదా!

1687 సంవత్సరారంభంలో ఔరంగజేబు పాదుషా స్వయంగా వచ్చి గోల్కొండను ముట్టడించాడు. సుమారు ఎనిమిది నెలలు కోట లొంగలేదు. పగలూ రాత్రీ ఫిరంగుల మోత. మొగలులు గోడల క్రింద పెట్టిన మందుపాతరలు ఎదురుతిరిగి వారి సైనికులనే బలిగొన్నాయి. అంతకు ముందటి ఏడాది వానలు లేక పంటలు పోయాయి. ఈ ఏడాది వానలు ఆగక, వాగులూ నదులూ పొంగి ధాన్యం బండ్లు కదలలేదు. మంజీర పొంగితే దారులు ఏమవుతాయో మెదకు వారికి వేరే చెప్పనక్కరలేదు. కరువుతో, రోగాలతో జనం మరణించారు. ముట్టడించినవారూ ముస్లిములే, ముట్టడిలో ఉన్నవారిలోనూ ముస్లిములు ఉన్నారు. చదువుతుంటే మనసు కలుక్కుమనే చరిత్ర ఇది.

చివరకు కోట ఫిరంగులకు కాదు, డబ్బుకు లొంగింది. సెప్టెంబరు నెలలో ఒక రాత్రి, అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే కోటలోని సేనాని లంచానికి అమ్ముడుపోయి చిన్న ద్వారం తెరిచాడు. రూహుల్లా ఖాన్ మొదలైన మొగలు సర్దారులు లోపలికి వచ్చారు. అబ్దుర్రజ్జాక్ లారీ గుర్రమెక్కి ఎదురువెళ్ళి, ఒళ్ళంతా గాయాలతో పడిపోయేవరకు పోరాడాడు.

అంతఃపురానికి ఆ కేకలు వినిపించినప్పుడు సుల్తాను ఏమి చేశాడో చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాసిపెట్టాడు. ముందుగా స్త్రీల వద్దకు వెళ్ళి వారిని ఓదార్చాడు. తన వల్ల జరిగిన తప్పులకు క్షమాపణ కోరి సెలవు తీసుకున్నాడు. తరువాత సభామందిరానికి వచ్చి, పిలవని అతిథుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. భోజన వేళ కాగానే వడ్డించమన్నాడు! శత్రు సర్దారులు రాగా మర్యాదగా సలాము చేసి, మీరూ కూర్చోండని ఆహ్వానించాడు. రూహుల్లా ఖాన్ నివ్వెరపోయి, ఇటువంటి ఘడియలో అన్నం ఎలా సహిస్తుందని అడిగాడు. తాను రోజూ తినే వేళ ఇదేనన్నాడు సుల్తాను. తనను పేదరికంలో ఉంచినవాడూ, రాజ్యం ఇచ్చినవాడూ, ఈనాడు దానిని తిరిగి తీసుకున్నవాడూ ఒక్క అల్లాహ్‌యేనని, ఏనాడూ తన ఆహారాన్ని ఆపని ఆ ప్రభువు మీద నమ్మకం ఉందని సమాధానమిచ్చాడు.

సోదరులారా! ఇది మొండితనమా, నిర్లక్ష్యమా అని కొందరు సందేహిస్తారు. నిర్లక్ష్యపరుడైతే స్త్రీల వద్దకు వెళ్ళి క్షమాపణ కోరేవాడు కాదు. చేయవలసినది చేశాడు, తన చేతిలో లేనిదానిని దాని యజమానికి వదిలివేశాడు. దీనినే మన ధర్మం తవక్కుల్ అంటుంది. దైవస్మరణతోనే హృదయాలు నెమ్మదిస్తాయని దివ్య ఖుర్ఆన్ రఅద్ సూరా 28వ ఆయతు తెలుపుతున్నది. అయితే ఆ నెమ్మది ఆ రాత్రికి ఆ రాత్రే పుట్టినది కాదు. ఖాన్ఖాలో ఎవరూ గమనించని 14 ఏళ్ల నమాజులలో, జిక్ర్‌లో అది కొంచెం కొంచెంగా చేరింది. ఆపద వచ్చినప్పుడు తస్బీహ్ కోసం వెతికేవారం మనం. ఆయన వద్ద అది ముందే ఉంది. ఇషా తరువాత ఫోను ప్రక్కన పెట్టి పావుగంట జిక్ర్‌లో కూర్చునేవాడు ఆ రోజు ఏమీ పొందనట్లే ఉండవచ్చు. మొదటి రోజుల్లో మనసు ఇంకా ఎక్కువ అల్లరి చేస్తుంది కూడా. కూర్చోవడం మానకూడదు.

తరువాత సుల్తానును దౌలతాబాద్ కోటలో ఖైదు చేసి, ఏటా 50,000 రూపాయల భత్యం ఏర్పరచారు. అక్కడే సుమారు 12 ఏళ్లు గడిపి మరణించాడు. గోల్కొండ సమాధుల వరుసలో తన పూర్వీకుల ప్రక్కన ఆయనకు చోటు దొరకలేదు. ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు. జయించిన ఔరంగజేబు తన చివరి రోజులలో కుమారులకు వ్రాసిన ఉత్తరాలలో తన పాపాలను తలచుకుని, ముందున్న లెక్కను గూర్చి భయపడ్డాడు. 1707లో అహ్మద్‌నగర్‌లో ఆయన మరణించగా పార్థివదేహాన్ని ఖుల్దాబాద్‌కే తెచ్చి, పైకప్పు లేని సాదా గోరీలో ఉంచారు. గెలిచినవాడూ ఓడినవాడూ ఈనాడు ఆ ఒక్క చిన్న ఊరిలోనే ఉన్నారు.