మేస్త్రీల మాట, మోర్మన్ల ఆలయం

గోదావరిఖనిలో మా సంఘం శాఖ జరిపిన ఒక సాహిత్య పాఠశాలలో వస్తువూ రూపమూ గురించి మాట్లాడుతూ బుర్రకథను ఉదాహరణగా చెప్పాను. 1940లలో ప్రజానాట్యమండలి వీరగాథలు పాడే ఆ రూపాన్ని చేపట్టి ఫాసిస్టు వ్యతిరేక వస్తువును జనంలోకి తీసుకుపోయిందనీ, రూపం పాతదైనా వస్తువు కొత్తదనీ అన్నాను. వెనక వరసలోంచి ఒక ఎం.ఏ. విద్యార్థి లేచాడు. "రూపమంటే ఖాళీ కుండా సార్? నిన్నటిదాక కల్లు పోసిన కుండల ఇయ్యాల పాలు పోస్తె వాసన రాదా?" అన్నాడు. ఆ రోజు నేనిచ్చిన జవాబు నాకే నచ్చలేదు.

ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని చదువుతూ పోతే, అది నన్ను అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నావూ అనే ఊరికి చేర్చింది. మనకెందుకా ఊరు అని పాఠకులు అనుకోవచ్చు. ఒక రూపం ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోవడాన్ని తేదీలతో సహా చూడగల సందర్భాలు చరిత్రలో చాలా తక్కువ. నావూలో అటువంటిది ఒకటి జరిగింది. 1842 మార్చి 15న మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ ఫ్రీమేసన్ల లాడ్జిలో చేరాడు. మరునాటికల్లా మూడో అంతస్తు, అంటే 'మాస్టర్ మేసన్' హోదా, అందుకున్నాడు. ఏడు వారాలు తిరిగేసరికి, మే 4న, తన దుకాణం పైగదిలో తొమ్మిదిమంది అనుచరులకు 'ఎండోమెంట్' అనే కొత్త దీక్ష ఇచ్చాడు. నేటికీ మోర్మన్ ఆలయాల్లో జరిగే కర్మకాండకు మూలం ఆ దీక్షే.

అయితే కథ నావూలో మొదలుకాలేదు. ఈ రూపానికి మొదటి సొంతదార్లు రాళ్లు చెక్కే కూలీలు.

మా నాయన కోల్‌ఫిల్లర్. బాయిలో దిగినంతకాలం తన ప్రాణం ఎవరి చేతిలో ఉండేదని అడిగితే, మేనేజరు పేరు చెప్పేవాడు కాదు. కర్రతో రూఫ్ కొట్టి చూసే సర్దార్ పేరు చెప్పేవాడు. "గట్టిదైతె ఖంగుమంటది, ఇడిసిందైతె డొల్లగ మోగుతది. ఆ చప్పుడు పుస్తకంల దొరకది" అనేవాడు. పని తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య గీత ఆ చప్పుడే. మధ్యయుగాల యూరపులో చర్చీలూ కోటలూ కట్టిన తాపీపనివాళ్లకూ ఇటువంటి గీత ఒకటి అవసరమైంది. ఊరూరా తిరిగి పని చేసుకునేవాళ్లు వాళ్లు. కొత్తగా వచ్చినవాడు నిజంగా పని నేర్చినవాడా, కూలి రేటు చెడగొట్టడానికి వచ్చినవాడా అని తేల్చుకోవాలి. స్కాట్లండులో దీనికి 'మేసన్ మాట' అని పేరు. పని నేర్చి, ప్రమాణం చేసినవాడికే ఆ మాటా, ఆ గుర్తులూ తెలుస్తాయి. 1598లో రాజుగారి పనుల అధికారి విలియం షా అక్కడి లాడ్జీలకు నిబంధనలు రాసి ఇచ్చాడు. శిష్యరికం ఎన్నేళ్లు, ఎవరిని పనిలోకి తీసుకోవాలి, ఎవరితో కలిసి పని చేయకూడదు - అందులో ఉన్నవి చాలావరకు ఇవే. ఈ రహస్యంలో మంత్రమేమీ లేదు. అది కాపాడింది కూలిని.

పదిహేడో శతాబ్దంలో ఈ లాడ్జీల్లోకి రాయి ముట్టని పెద్దమనుషులు చేరడం మొదలైంది. 1717లో లండన్‌లో గ్రాండ్ లాడ్జి ఏర్పడిందని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. 1723లో ఆండర్సన్ రాసిన నియమావళి అచ్చయింది. అప్పటికి మూలమట్టం నీతికి చిహ్నమైపోయింది. వృత్తలేఖిని నిగ్రహానికీ, దారానికి కట్టిన తూకపు గుండు నిజాయితీకీ గుర్తులయ్యాయి. పనివాడు నడుముకు చుట్టుకునే తోలుగుడ్డ ప్రభువుల నడుముల మీద అలంకారమయింది. మన 'మేస్త్రీ' పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చిన మాట. ఇంగ్లీషు 'మాస్టరు'కు అది వరసకు అన్నదమ్ము. కాబట్టి 'మాస్టర్ మేసన్' అంటే అచ్చతెలుగు వాడుకలో తాపీమేస్త్రీయే. కాకపోతే తాపీ పట్టని మేస్త్రీ.

ఇంగ్లండులో ఒకే ప్రమాణం ఇద్దరి చేతుల్లో ఏమైందో చూడండి. ఫ్రెంచి విప్లవానికి భయపడిన ప్రభుత్వం 1799లో రహస్య సంఘాలను నిషేధిస్తూ చట్టం చేసింది. సభ్యుల పేర్లు నమోదు చేయిస్తే చాలునని ఫ్రీమేసన్ లాడ్జీలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1833లో డార్సెట్ ప్రాంతంలోని టాల్‌పడల్ గ్రామంలో ఆరుగురు వ్యవసాయ కూలీలు సంఘం పెట్టుకున్నారు. చేరేవాళ్ల కళ్లకు గంతలు కట్టి, అస్థిపంజరం బొమ్మ చూపించి ప్రమాణం చేయించారు. 1797 నాటి అక్రమ ప్రమాణాల చట్టం కింద వాళ్లకు ఏడేళ్ల ద్వీపాంతరవాసం విధించి ఆస్ట్రేలియాకు పంపారు. కూలీలు తమ పూర్వీకుల సొమ్మును తిరిగి తెచ్చుకున్నందుకు ఇచ్చిన శిక్షగా నాకిది కనిపిస్తుంది. అమెరికాలో 1869లో 'నైట్స్ ఆఫ్ లేబర్' అనే కార్మిక సంస్థను స్థాపించిన యురియా స్టీఫెన్స్ కూడా మేసనే. ఆ సంస్థకూ మొదట్లో రహస్య దీక్షలుండేవి.

ఇక జోసెఫ్ స్మిత్. 1805లో వెర్మాంటులో ఒక పేద రైతు ఇంట పుట్టాడు. అతను పెరిగిన న్యూయార్కు రాష్ట్రంలోనే, 1826లో మేసన్ల గుట్టు అచ్చువేయబోయిన విలియం మోర్గన్‌ను ఎత్తుకుపోయారు. ఆ మనిషి మళ్లీ కనిపించలేదు. దాంతో మేసన్ల మీద దేశమంతా జనాగ్రహం చెలరేగి, ఒక రాజకీయ పార్టీయే పుట్టింది. ఆ వేడిలోనే 1830లో 'మోర్మన్ గ్రంథం' వచ్చింది. అందులో ప్రమాణాలతో కట్టుబడిన రహస్య ముఠాల మీద తీవ్రమైన ఖండన ఉంది. పన్నెండేళ్ల తర్వాత అదే మనిషి లాడ్జిలో కూర్చున్నాడు! అతని అన్న హైరమ్ అంతకుముందే మేసన్. మిస్సోరీ నుంచి తరిమివేయబడిన ఆ జనానికి ఇల్లినాయిలో పలుకుబడిగల నేస్తాలు కావలసివచ్చారు. ఇది ఒక కారణమే గాని పూర్తి కారణమనను.

పోలికలు పైకే కనబడతాయి. గుర్తుపట్టే కరచాలనాలు, సంజ్ఞలు, నడుముగుడ్డ, కొత్త పేరు, ప్రమాణం, మూలమట్టం - వృత్తలేఖిని గుర్తులు, దీక్షను నాటకంగా ఆడించడం. (ఆ మాటలూ సంజ్ఞలూ నేనిక్కడ వివరించను. అవి బతికున్న మనుషులకు పవిత్రమైనవి. మన వాదానికి వాటి అవసరమూ లేదు.) శత్రువులు దీన్ని దొంగతనమన్నారు. స్మిత్ వివరణ వేరు. ఆదికాలపు పౌరోహిత్యం చెడిపోగా మిగిలిన శకలమే మేసనరీ అనీ, తాను దాన్ని పూర్తిరూపంలో తిరిగి పొందాననీ అతను చెప్పినట్టు అనుచరుడు హీబర్ కింబల్ 1842 జూన్‌లో ఒక ఉత్తరంలో రాశాడు. మేసన్లు తమ వంశాన్ని సొలొమోను ఆలయం కట్టిన మేస్త్రీలదాకా చెప్పుకుంటారు. అది మన పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి చెప్పే మార్కండేయ పురాణం లాంటిది. వృత్తికి గౌరవం తెచ్చే కులపురాణం. చరిత్ర దాన్ని నిలబెట్టదు. మేసన్ల పురాణాన్ని మేసన్లకంటే గట్టిగా నమ్మినవాడు జోసెఫ్ స్మిత్ అని నా అభిప్రాయం.

దొంగతనమన్నవాళ్లు చూడనిదొకటుంది. లాడ్జిలో ఆడే నాటకం హత్యకు గురైన హైరామ్ అనే మేస్త్రీ కథ. నావూ నాటకం సృష్టి కథ, ఆదాము హవ్వల కథ, పడిపోయిన మనిషి దేవుని దగ్గరకు తిరిగి చేరే కథ. కడిగి నూనెతో అభిషేకించే క్రియ లాడ్జికి ఆరేళ్ల ముందే, 1836లో, కర్ట్‌లండ్ ఆలయంలో ఉంది. చనిపోయినవారి తరఫున బాప్తిస్మం 1840లోనే మొదలైంది. అన్నిటికంటే పెద్ద తేడా స్త్రీలు. లాడ్జి వాళ్లకు గుమ్మం తెరవలేదు. స్మిత్ మాస్టర్ మేసన్ అయిన మరునాడే, మార్చి 17న, అదే పైగదిలో స్త్రీల సంఘం ఏర్పడింది. 1843లో అతని భార్య ఎమ్మా దీక్ష తీసుకుంది. ఇళ్లు విడిచి, బిడ్డల్ని దారిలో పూడ్చి వచ్చిన జనం వాళ్లు. లాంకషైర్ మిల్లు పట్నాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లూ వాళ్లలో వేలమంది. వాళ్లకు కావలసింది చావు తెంచలేని చుట్టరికం. మేస్త్రీల రూపంలో వాళ్లు పోసుకున్నది దాన్ని. 1845-46 చలికాలంలో, ఊరు విడిచిపోవలసివస్తుందని తెలిసీ, అయిదువేలమందికి పైగా ఆ ఆలయంలో దీక్ష తీసుకున్నారు. 1844 జూన్ 27న కార్తేజి జైలు మీద పడిన గుంపు స్మిత్‌ను కాల్చి చంపింది. చివరిక్షణంలో అతను పలికిన మాటలు మేసన్ల ఆపత్కాలపు కేకకు మొదలని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. ఆ కేకకు ఎవరూ పలకలేదు.

మరి కుండ వాసన? మిగిలింది. మాట తప్పితే ప్రాణమే పోతుందని సూచించే శిక్షా సంజ్ఞలు లాడ్జి నుంచి ఆలయానికి వచ్చాయి. కూలి రేటు కాపాడే ప్రమాణానికి ఆ భయపెట్టుడు అర్థమవుతుంది. దేవుడి దగ్గరకు పోయే దారిలో దానికి పనేమిటి? అయినా అది దాదాపు నూటయాభై ఏళ్లు అంటిపెట్టుకునే ఉంది. మోర్మన్ చర్చి దాన్ని 1990లో తీసేసింది. ఇంగ్లండు గ్రాండ్ లాడ్జి తన ప్రమాణాల్లోంచి 1986లో తీసేసింది. విడిపోయిన ఇద్దరు అన్నదమ్ములు నాలుగేళ్ల తేడాతో ఒకే గోడ పగలగొట్టుకున్నారు. ఆలయ గుమ్మం ఇంకొకరికి మూసుకున్న సంగతీ చెప్పాలి. 1836లో ఎలైజా ఏబుల్ అనే నల్లజాతివాడికి పౌరోహిత్యం ఇచ్చిన ఆ మతమే 1852 నుంచి 1978 దాకా నల్లవాళ్లకు పౌరోహిత్యాన్నీ ఆలయ దీక్షనూ నిరాకరించింది.

ఇదంతా పరాయి కథ కాదు. హైదరాబాద్ గోషామహల్ బారాదరిలో నిజాం కాలం నుంచి మేసన్ల లాడ్జి ఉంది. ఇంగ్లీషు అధికార్లూ నవాబులూ ఈ నగరంలో నడుముగుడ్డలు కట్టుకుని ఒకరినొకరు 'సోదరా' అని పిలుచుకున్నారు. ఆ కాలంలోనే, 1886లో, లండన్ పెట్టుబడితో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడి, 1889లో సింగరేణి బొగ్గు పైకి రావడం మొదలైంది. రెండో శాఖ కూడా మన దగ్గరకు వచ్చింది. 1978 చివర్లో, సమోవా దీవిలో ఆ మతం పుచ్చుకున్న ఒక తెలుగు దంపతులు హైదరాబాద్ వచ్చి తమవాళ్లలో ఇరవైమందికి పైగా బాప్తిస్మం ఇప్పించారు. 1982లో మోర్మన్ గ్రంథంలోని భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. 2012లో దేశంలో మొదటి 'స్టేక్', అంటే అనేక శాఖల సమాఖ్య, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. 2020 డిసెంబరులో బెంగళూరులో ఆలయానికి భూమిపూజ జరిగింది.

మనవాళ్లలో కొందరికి మేసన్లనగానే ప్రపంచాన్ని నడిపే కుట్ర గుర్తుకొస్తుంది. 1922లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఫ్రెంచి కమ్యూనిస్టుల్ని లాడ్జీలు వదిలి రమ్మన్నమాట నిజమే. అది వర్గస్నేహాల గురించిన ఆక్షేపణ. కుట్ర కథ వేరు. 1940లో స్పెయిన్‌లో ఫ్రాంకో 'ఫ్రీమేసనరీ, కమ్యూనిజాల అణచివేత' అని రెంటికీ కలిపి ఒకే చట్టం చేశాడు. ఆ కథ ఎవరి దగ్గర తయారైందో చెప్పేవాళ్లు ఇది కూడా చెప్పాలి.

ఇవన్నీ ఆ విద్యార్థికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అయితె సార్, బుర్రకథల మిగిలిన వాసనేంది?" అన్నాడు. నడుమ నిలబడి కథ నడిపే ఒక్కడు, పక్కన తందాన అనే ఇద్దరు వంతలు, చివరికి అందర్నీ రక్షించే ఒక వీరుడు - అంతదాకా చెప్పి ఆగాను. వచ్చే నెల సమావేశంలో ఆ మిగతాది అతన్నే రాసుకుని రమ్మన్నాను.