సెగవ్యాధి చాటున దాగిన సూక్ష్మజీవి

మధురవాడ మందుల దుకాణములలో డాక్సీసైక్లిన్ అను చవుక మాత్ర దొరకును. దాని వంశమునకు మూలమైన ఔషధము ఒక తెలుగు శాస్త్రజ్ఞుని నాయకత్వమున వెలువడినది. ఆ ఔషధమును మనుష్యులపై మొట్టమొదట పరీక్షించినది ఒక సుఖవ్యాధి విషయమున.

1907లో జావా ద్వీపమున హాల్బర్‌స్టేటర్, ప్రోవజెక్ అను శాస్త్రజ్ఞులు ట్రకోమా అను కంటిజబ్బును పరిశీలించుచు, జీవకణముల లోపల గుంపుగా నున్న సూక్ష్మమైన రేణువులను కనుగొనిరి. కొలది యేండ్లలోనే అట్టి రేణువులు, సెగవ్యాధి క్రిమి లేకయే మూత్రనాళము వాచిన పురుషులలోను కనిపించెను. ఇదియే క్లమీడియా. జీవకణము లోపల మాత్రమే పెరుగుటచే దీనిని చాలకాలము వైరస్ అని భ్రమపడిరి, నిజమునకిది బాక్టీరియా. దీనిలో ఏ, బి, సి రకములు కంటికి, డి మొదలు కె వరకు గలవి జననేంద్రియములకు సోకును. ఎల్1, ఎల్2, ఎల్3 రకములు రసగ్రంథులలో చొచ్చి గజ్జలలో బిళ్ళలు కట్టించును.

1940 దశకమున పెనిసిలిన్ వచ్చి సెగవ్యాధిని త్వరగా అణచెను. అయినను కొందరు పురుషులకు రెండు మూడు వారములలో మరల స్రావము కనిపించెడిది. మందు పనిచేయలేదా, వ్యాధి మరల సోకినదా? పెక్కుమందిలో జరిగినది వేరు. రెండు క్రిములు ఒకేసారి ప్రవేశించినవి. సెగవ్యాధి కొలది దినములలోనే బయటపడును. క్లమీడియా నెమ్మదిగా తలయెత్తును. పెనిసిలిన్ మొదటిదానిని చంపి రెండవదానిని విడిచినది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకుడు. అచట డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ 1945లో మిస్సోరీ మట్టినుండి ఆరియోమైసిన్‌ను సాధించెను. న్యూయార్కు హార్లెం ఆసుపత్రిలో నీగ్రోజాతి వైద్యుడు లూయీ రైట్ దానిని గజ్జబిళ్ళల రోగులకిచ్చి, ఫలితములను 1948లో ప్రకటించెను. బిళ్ళలు తగ్గెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావు మరణించెను. ఆ మందు సంతతియే టెట్రాసైక్లిన్, డాక్సీసైక్లిన్.

రకము తెలియుట పండితుల వేడుక కాదు. సాధారణ క్లమీడియాకు డాక్సీసైక్లిన్ 7 దినములు చాలును. ఎల్ రకములకు 21 దినములు కావలెను. 2003లో రాటర్‌డాం నగరమున పురుషులతో సంబంధము గల పురుషులలో ఎల్2 రకము ప్రబలినపుడు రోగులలో అనేకులకు హెచ్.ఐ.వి. కూడ ఉండెను. ఒక సుఖవ్యాధి కనిపించినచోట తక్కినవానికిని పరీక్ష చేయవలెనను సూత్రము ఇందువలన బలపడినది. భారత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమమున మూత్రనాళ స్రావమునకై ఏర్పరచిన బూడిదరంగు పొట్లములో సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ అను రెండు మందులు చేర్చుటలోని ఉద్దేశమిదే: ఒకటి సెగవ్యాధికి, రెండవది క్లమీడియాకు.

కావున దుకాణములో మాత్ర కొని గుట్టుగా మ్రింగినచో పని తీరదు. సెగవ్యాధి క్రిమి నేడు టెట్రాసైక్లిన్‌లకు చాలవరకు లొంగదు. పురుషునిలో క్లమీడియా తరచు ఏ బాధయు లేకుండ దాగియుండి భార్యకు సోకి, ఆమెకు సంతానహీనత కలిగింపగలదు. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి వంటిచోట్ల సుఖవ్యాధులకు చికిత్స లభించును. భార్యాభర్తలిరువురును పరీక్ష చేయించుకొని కలిసి చికిత్స పొందినపుడే దాగిన శత్రువు తొలగును.