చెరువు సీమలో పడవ కాగితం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో వినోద పడవల నమోదు

హంద్రీ–నీవా కాలువల మీదుగా శ్రీశైలం నీరు 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గరి పరమసముద్రం చెరువుకు చేరింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు జలహారతి ఇచ్చారు. అంతకు ఏడాదిన్నర ముందు, 2024 ఫిబ్రవరిలో, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఇదే నియోజకవర్గంలోని రామకుప్పం మండలంలో నీళ్లు వదిలారు. పేరు ఎవరికి దక్కాలన్న తగాదా ఈ వ్యాసానికి అక్కర్లేదు. ఆ తర్వాతి సంగతే కావాలి. ఎండి తుమ్మ మొలిచిన చెరువులో నీరు నిలవడం మొదలైతే కట్ట మీదికి రోడ్డు వస్తుంది. రోడ్డు పక్కన సిమెంటు బెంచీలు, బెంచీల పక్కన ఐస్‌క్రీం బండి, ఆ వెనకే పెడల్ బోటు వస్తాయి. చిన్న పట్టణాల చెరువులు చాలావరకు ఈ వరసలోనే విహారస్థలాలు అవుతున్నాయి. ఆ బోటు కొన్నవాడి దగ్గర ఏ కాగితాలు ఉండాలి, వాటిని ఎవరివ్వాలి అన్నది ఇక్కడి ప్రశ్న.

పడవల చట్టం నదినీ, ఓడలు నడిచే కాలువనూ చూసి రాసింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు చెరువుల సీమ. నదికి రాసిన చట్టాన్ని చెరువుకు తొడిగితే ఎక్కడ బిగుతవుతుందో, ఎక్కడ వదులవుతుందో చూపించడం ఈ వ్యాసం పని. బిగుతు కంటే వదులే ప్రమాదమని నా అభిప్రాయం.

ముందు పాత చట్టాలు చూద్దాం. మద్రాసు ప్రభుత్వం 1884లో నదుల సంరక్షణ చట్టాన్ని, 1890లో కాలువలు, రేవుల చట్టాన్ని తెచ్చింది. కాలువ మీద తిరిగే పడవను నమోదు చేయడం, లైసెన్సు ఇవ్వడం, సుంకం వసూలు చేయడం రెండో చట్టం పని. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలు, బకింగ్‌హాం కాలువ దాని అసలు రంగస్థలం. రాయలసీమకు పడవ చట్టంతో సంబంధమే లేదనుకోవడం మాత్రం పొరపాటు. 1863లో పనులు మొదలై, 1882లో కంపెనీ చేతి నుంచి ప్రభుత్వం కొనుక్కున్న కర్నూలు–కడప కాలువను సాగుతో పాటు పడవ రవాణాకు కూడా తవ్వారు. ఆ కాలువ మన మూడు ఊళ్లకు ఎంతో ఉత్తరాన ఆగిపోయింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప నుంచి వచ్చింది. పుంగనూరు, కుప్పం ఉన్న కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. పాలారు, బాహుదా లాంటి ఏర్లు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే ఉండే ఈ గడ్డ మీద పడవకు లైసెన్సు అడిగే అవసరం ఎవరికి పడుతుంది? చెరువుకు కావలసినవాడు నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలో, మొరవ ఎప్పుడు పోతుందో అతనికి తెలుసు. ఈ సీమలో నీటి పాలన అంతా అతని చుట్టూ అల్లుకుంది.

దేశమంతటికీ వర్తించిన చట్టం 1917 నాటిది. మొదట ఆవిరి పడవల కోసం రాసిన ఆ చట్టం పేరును 1977లో అంతర్గత నౌకల చట్టంగా మార్చారు. దాని స్థానంలో వచ్చిన 2021 చట్టం 2022 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక రాష్ట్రంలో నమోదైన పడవ మరో రాష్ట్రంలో తిరగాలంటే పాత చట్టం కింద విడిగా అనుమతి కావాలి. కొత్త చట్టంలో ఒక నమోదు దేశమంతా చెల్లుతుంది. కుప్పానికి ఇది చిన్న విషయమేమీ కాదు. ఒక పక్క కర్ణాటక, మరో పక్క తమిళనాడు. బెంగళూరులో కొన్న బోటు ట్రాలీ మీద సరిహద్దు దాటడానికి రెండు మూడు గంటలు చాలు.

చట్టం యజమానిని అడిగేవి ఇవి. పడవ కట్టుబడి, ఇంజను ఎలా ఉన్నాయో చూసి ఇచ్చే సర్వే ధ్రువపత్రం. రాష్ట్రం నియమించిన రిజిస్ట్రారు ఇచ్చే నమోదు పత్రం, పడవ మీద స్పష్టంగా కనిపించేలా ఆ గుర్తు. సరంగుకూ ఇంజను నడిపేవాడికీ అర్హత పత్రాలు. ప్రాణనష్టానికీ, గాయాలకూ, నీటి కాలుష్యానికీ వర్తించే బీమా. కాలుష్య నివారణ ధ్రువపత్రం. పడవ అమ్మినా, రూపం మార్చినా, మునిగి పనికిరాకుండా పోయినా రిజిస్ట్రారుకు చెప్పాలి. ఈ వివరాలన్నీ కేంద్రం నడిపే ఒకే డేటాబేసులో చేరతాయి. నీటిని అలల ఎత్తును బట్టి మండలాలుగా విభజించారు, పడవ ఏ మండలంలో తిరగాలో పత్రంలోనే ఉంటుంది.

మన చెరువు దగ్గర మొదటి చిక్కు ఆ మండలమే. చెరువులో అలలు లేవవు కనుక కాగితం మీద అది అన్నిటికంటే శాంతమైన నీరు. చెరువులో మనిషి మునిగేది అలకు కాదు. ఎండాకాలంలో పూడిక తీయడానికి తవ్విన గోతులు, తూము దగ్గర లాగే నీరు, అడుగున తుమ్మ మొద్దులు, మొరవ పోతున్నప్పుడు ఒక పక్కకు ఈడ్చే ప్రవాహం అతన్ని ముంచుతాయి. నిరుడు కాలు ఆనిన చోట ఈ ఏడాది రెండు నిలువుల లోతు ఉండవచ్చు. వీటిలో ఏదీ సర్వే పత్రంలో కనిపించదు. సర్వేయరు పడవను చూస్తాడు తప్ప చెరువును చూడడు.

రెండో చిక్కు ఇంజనుది. ఇంజను ఉన్న పడవకు, లేని పడవకు చట్టంలో వేర్వేరు దారులు ఉన్నాయి. మొదటిది రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లాలి. రెండోదాన్ని, అంటే పుట్టి, తెప్ప, పెడల్ బోటు, కయాక్ లాంటివాటిని, జిల్లా, తాలూకా, పంచాయతీ, గ్రామ స్థాయిల్లో నమోదు చేయించుకోవాలన్నది ఆలోచన. బాగానే ఉంది. కానీ వెనక బిగించే చిన్న పెట్రోలు మోటారు రెండు మరలు వదులు చేస్తే ఊడి వస్తుంది. పొద్దున తెడ్డు వేసిన ఫైబరు పడవ సాయంత్రం మరపడవ అవుతుంది, రాత్రికి మళ్లీ తెడ్డు పడవే. ఆదివారం హార్స్‌లీ హిల్స్ చూసుకుని దిగుతూ దారిలో చెరువు కనిపిస్తే గాలి పడవ ఊదుకునే బెంగళూరు కుర్రాళ్లు ఏ దారిలో వస్తారు? అమెరికాలో 1972 నుంచి ప్రతి పడవ వెనక పలక మీద 12 అక్షరాల గుర్తింపు సంఖ్యను తయారీదారే చెక్కుతాడు. మోటారు తగిలిస్తే రాష్ట్రం ఇచ్చే నంబరును ముక్కుకు ఇరువైపులా రాయాలి. టెక్సాస్, జార్జియా సరస్సుల్లో పడవ కొనుక్కున్న మన తెలుగువాళ్లు ఎవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు. మన దగ్గర చిన్న వర్క్‌షాపులో పోసిన ఫైబరు డొల్లకు అలాంటి పుట్టుగుర్తు లేకపోతే, ‘కాగితంలో ఉన్నది ఈ పడవేనా’ అన్న మొదటి ప్రశ్న దగ్గరే నమోదు తడబడుతుంది.

మూడో చిక్కు అన్నిటికంటే లోతైనది, దాని వేరు రాజ్యాంగంలో ఉంది. అంతర్గత జలాల్లో మరపడవల రాకపోకలు ఉమ్మడి జాబితాలో 32వ అంశం. నీరు, నీటి నిల్వ రాష్ట్ర జాబితాలో 17వ అంశం. చేపల పెంపకం అదే జాబితాలో 21, స్థానిక పాలన 5. అంటే పడవ ఒక జాబితాలో, అది తేలే నీరు వేరే జాబితాలో ఉన్నాయి. చెరువు కట్ట మీద నిలబడి చూస్తే ఈ విభజన ఇంకా పెరుగుతుంది. కట్టా తూమూ జలవనరుల శాఖవి. నీటి పంపకం 1997 చట్టం కింద ఏర్పడిన సాగునీటి సంఘానిది. చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానిదో, వేలంలో పాడుకున్న గుత్తేదారుదో. గట్టు పక్క స్థలం పంచాయతీదో, మునిసిపాలిటీదో. 2002 నాటి నీరు, నేల, చెట్ల (వాల్టా) చట్టం వీటన్నిటి మీదా ఒక నీడ. ఇక పడవ నమోదుకు 2018 చట్టంతో పోర్టుల శాఖ స్థానంలోకి వచ్చిన మారిటైం బోర్డు, విహారానికి పర్యాటక శాఖ. సముద్రం వాసన తెలియని పుంగనూరు చెరువులో మర బోటు వేసుకునే మనిషి తీరం వైపు చూసి కాగితం తెచ్చుకోవాలి. ఆ చెరువు లోతు తెలిసిన నీరుగంటిని, వల వేసేవాళ్లను ఒక్క మాట అడగాలని ఏ పత్రమూ చెప్పదు.

తాగునీటి చెరువు సంగతి వేరు. మదనపల్లెకు నీరిచ్చే చిప్పిలి వేసవి నిల్వ చెరువు లాంటి చోట పెట్రోలు మోటారు దింపడం, నా లెక్కలో, నమోదుతో తేల్చుకునే వ్యవహారమే కాదు. ఏ పత్రం ఉన్నా ఇవ్వకూడని అనుమతి అది. చట్టంలో విద్యుత్తుతో నడిచే పడవలను ప్రత్యేక వర్గంగా చూసే వీలుంది. దాన్ని ఇలాంటి చోట్ల వాడుకోవచ్చు, వాడాలనుకుంటే.

ప్రమాదాలు ఏం చెప్పాయి? 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో బోల్తా పడిన పడవకు అనుమతే లేదు. అందులో 20 మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ట కథ వేరు. వరద ఉన్న రోజున ఆ మలుపులోకి దాన్ని ఎందుకు వెళ్లనిచ్చారన్నది అక్కడి అసలు ప్రశ్న. ఆ తర్వాత 2020లో రాష్ట్రం 9 బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టింది. గోదావరి మీద గండిపోచమ్మ, పోచవరం వంటి చోట్ల, కృష్ణ మీద విజయవాడ, నాగార్జునసాగర్, శ్రీశైలం, సముద్రం పక్కన రుషికొండ వాటిలో ఉన్నాయి. ప్రాణాలు పోయిన చోటు, జనం కిక్కిరిసే చోటు చూసి పెట్టినవి గనుక చెరువుల సీమకు ఒక్కటీ రాలేదు. అందులో అన్యాయం లేదు. నదికి పనికొచ్చే ఏర్పాటు చెరువులో కుదరదు కూడా. పరమసముద్రం గట్టు మీద కంట్రోల్ రూము కడితే అందులో కూర్చునే మనిషికి ఏడాదిలో ఎన్ని రోజులు పని ఉంటుంది?

మనకు దగ్గరగా వచ్చే ఉదాహరణ గుజరాత్‌లో ఉంది. 2024 జనవరి 18న వడోదరలో హరణీ చెరువులో విహారానికి వచ్చిన బడి పిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవ మోయగలిగినదానికి మించి ఎక్కించారు, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు. ఆ చెరువు నగరపాలక సంస్థది. దాన్ని అభివృద్ధి చేసి నడుపుకునే కాంట్రాక్టు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. బోటింగ్ ఆ కాంట్రాక్టులో ఒక భాగం. చిన్న పట్టణాల్లో చెరువు సుందరీకరణ టెండర్లను చూసేవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు: నడకదారికి టైల్స్ ఏ రకమో అరపేజీ ఉంటుంది, పడవకు ఒక వాక్యం. కేరళలో తానూరు దగ్గర 2023 మే 7న 22 మందిని మింగిన పడవ, చేపల పడవకు అంతస్తు కట్టి చేసింది. పడవ రూపం మారిస్తే రిజిస్ట్రారుకు చెప్పాలన్న నిబంధన ఎందుకుందో తానూరు చెబుతుంది. నమోదు జరిగే ముందు ఎవరో ఒకరు పడవ కడుపులోకి వంగి చూడాలని కూడా.

ఈ అనుభవాలు పక్కపక్కన పెడితే, కృష్ణ, తానూరు ప్రమాదాలకు పడవ కాగితంలో జవాబు ఉంది. కచ్చులూరు, హరణీ ప్రమాదాలకు జవాబు పడవ తిరిగే నీటి దగ్గర, ఎక్కించే గట్టు దగ్గర ఉంది. మన మూడు ప్రాంతాలు రెండో రకానివి. అందుకే పుట్టి, తెప్పల కోసం చట్టం వదిలిన స్థానిక నమోదు దారి నాకు మరపడవల నమోదు కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. చట్టం చదివే న్యాయవాదులు దాన్ని చివర్లో, చిన్న పడవల మీద దయతో రాసిన అధ్యాయంలా దాటేస్తారు. ఇక్కడ అదే మొదటి అధ్యాయం కావాలి.

ఈ పద్ధతికి దగ్గర నమూనా కుప్పం వాళ్లకు తెలిసినదే. పెళ్లయిన కొత్తలో, బడి సెలవుల్లో ఇక్కడి కుటుంబాలు పుట్టి ఎక్కడానికి వెళ్లేది ధర్మపురి జిల్లాలోని హొగెనకల్‌కు. కావేరిలో ఆ పుట్టి నడిపేవాడు స్థానిక సంస్థ ఇచ్చిన అనుమతితో నడుపుతాడు. ఎంతమందిని ఎక్కించాలో, ఎంత తీసుకోవాలో అక్కడే రాసి ఉంటుంది, నీటిమట్టం పెరిగితే అదే యంత్రాంగం ఆపేయిస్తుంది. లోపాలు లేవని కాదు. కానీ పడవ, మనిషి, ఆ రోజు నీరు మూడూ ఒకే చేతి కింద ఉంటాయి.

ఇక్కడ ఒక సందేహం తప్పక వస్తుంది, దాన్ని నవ్వి వదిలేయడానికి లేదు: దేవుడి తెప్పకు కాగితం కావాలా? కాణిపాకం తెప్పోత్సవం చూసినవాళ్లకు తెలుసు, అలంకరించిన తెప్ప మీద ఉత్సవమూర్తులతో పాటు అర్చకులూ ఉంటారు. తెప్ప తేలే వస్తువు, మనుషులను మోస్తుంది, ఇంజను లేదు. నిర్వచనాన్ని అక్షరాలా చదివితే అది తప్పించుకునే దారి నాకు కనిపించలేదు. ఏడాదికి ఒక్క రాత్రి కోసం నమోదు అనవసరం అనిపించవచ్చు. ఆ రాత్రి తెప్ప మీద ఎందరు ఎక్కవచ్చో మాత్రం ముందే ఎవరో ఒకరు రాసి పెట్టడం అనవసరం కాదు.

స్థానిక నమోదు పుస్తకంలో ఏముండాలి? యజమాని పేరు, పడవ గుర్తు, మోయగల మనుషుల సంఖ్య, లైఫ్ జాకెట్ల సంఖ్య సరే. వాటి పక్కన చెరువు పేరు, ఆ ఏడాది పూడిక ఎక్కడ తీశారు, తూము నుంచి ఎంత దూరం పోకూడదు, మొరవ పారితే ఆపాలన్న షరతు రాయాలి. నీరుగంటి చెప్పగా పంచాయతీ కార్యదర్శి రాయాలి, ఏటా తిరగరాయాలి. చేపల సంఘం పుట్టి, రిసార్టు కయాక్, మునిసిపాలిటీ పెడల్ బోటు అన్నీ అదే పుస్తకంలో ఉండాలి. మోటారు తగిలిస్తే ఆ పడవ రిజిస్ట్రారు దారికి వెళ్లిందన్న సంగతి కూడా అక్కడే నమోదు కావాలి. పెద్దపంజాణి మండలంలో పుంగనూరు బ్రాంచి కాలువ నుంచి చీలే 123 కిలోమీటర్ల కుప్పం బ్రాంచి కాలువ 110 చెరువులు నింపాలన్నది పథకం. అన్నిటిలో బోట్లు రావు, రానక్కర్లేదు. వచ్చిన కొద్దిపాటి చోట్లయినా పుస్తకం ముందు రావాలి.

ఆ పుస్తకానికి విహారంతో సంబంధం లేని ఇంకో ఉపయోగం ఉంది. 2021 నవంబరులో వానలకు పింఛా కట్ట కోసుకుపోయి, దాని దిగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పుడు దిగువ ఊళ్ల చుట్టూ నీళ్లే, కానీ అవి పడవలు ఉంచుకునే ఊళ్లు కావు. ఏ చెరువులో ఎవరి పుట్టి ఉందో, అది ఎంతమందిని మోస్తుందో, యజమాని ఫోను నంబరేమిటో ఒకచోట రాసి ఉంటే, సహాయక బృందాలు దారి చేసుకుని వచ్చేలోపు తహసీల్దారు ఎవరికి ఫోను చేయాలో వెతుక్కోనక్కర్లేదు.